ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి!

ఒక్క నిమిషం ఈ పత్రిక పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళండి. మీ ఫ్రిజ్ వెనకో, పక్కనో చెయ్యి పెట్టి చూసి రండి. వెచ్చగా ఉంది కదూ! లోపల పాలూ పెరుగూ కూరలూ చల్లబడుతున్నాయి. మరి వాటిలో ఉన్న వేడి ఏమైంది? ఎక్కడికీ పోలేదు. ఆ వెనక నుంచి మీ వంటింట్లోకే వచ్చింది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే నేను చెప్పబోయేదంతా మీకు ఇట్టే అర్థమవుతుంది. నాకు మాత్రం ఇది తలకెక్కడానికి పరాయి దేశంలో ఒక చలికాలమంతా పట్టింది.

మా చెల్లెలు ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్ళో ఉంటుంది. మాకు అమ్మ లేదు. అంచేత 2024 అక్టోబరులో దాని పురుడు పొయ్యడానికి నేనే వెళ్ళాను. వాళ్ళది 1930ల నాటి ఇల్లు. ఒక గోడ పక్కింటి వాళ్ళతో ఉమ్మడి. అక్కడ ఇళ్ళల్లో ప్రతి గదిలోనూ గోడకి రేడియేటరు ఉంటుంది. గ్యాసుతో నడిచే బాయిలరు నీళ్ళు కాచి, గొట్టాల ద్వారా వాటిలోకి పంపిస్తుంది. గదులు వెచ్చబడేది అలాగే. స్నానానికి వేడినీళ్ళు కూడా దాన్నుంచే.

నవంబరులో ఒక రాత్రి ఆ బాయిలరు కాస్తా ఆగిపోయింది. చెల్లెలికి ఎనిమిదో నెల. ఇల్లంతా గడ్డ కట్టినట్టయింది. మేం ముగ్గురం రగ్గులు కప్పుకుని, ఒక్క కరెంటు హీటరు చుట్టూ తెల్లవార్లూ కూర్చున్నాం. పొద్దున వచ్చిన మెకానిక్ ఎలాగో నడిపించి, ఇది ముసలిదైపోయిందనీ, ఈ చలికాలం గట్టెక్కితే గొప్పేననీ చెప్పి వెళ్ళాడు.

మా మరిది వెంటనే హీట్ పంప్ పెట్టిద్దామన్నాడు. అది గ్యాసుతో కాక కరెంటుతో నడిచే యంత్రం. నేను ససేమిరా వద్దన్నాను. నాకేదో తెలిసి కాదు. అంతకు ముందే దీపావళికి అక్కడి తెలుగువాళ్ళంతా కలిసినప్పుడు దాని గురించి వినని మాట లేదు. "చలిలో ఆగిపోతుందట", "బిల్లు వాచిపోతుందట", "పాత ఇళ్ళకి పనికిరాదట". అన్నీ 'అట'లే! పక్కింటి పెద్దావిడా అదే మాట. నేనూ వాళ్ళతో గొంతు కలిపాను. పసిబిడ్డ రాబోతుంటే ప్రయోగాలేమిటి చెప్పండి?

"వదినా, వద్దంటే మానేద్దాం. కానీ ఎందుకు వద్దో ఒక్కొక్కటే చూసి, అప్పుడు వద్దనండి" అన్నాడు మరిది. నిజమే మరి. కందిపప్పు కొనేటప్పుడు కూడా గుప్పెట్లోకి తీసుకుని చూసే కొంటాం కదా. సరే, చూద్దాం రమ్మన్నాను.

మన బోరు మోటారు లాంటిదే

ముందు పేరు చూడండి. పంపు. మన పెరట్లో బోరు మోటారు నీళ్ళు పుట్టిస్తుందా? లేదు. కింద ఉన్న నీళ్ళని పైకి తోడుతుంది. హీట్ పంప్ కూడా అంతే. వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని తోడి ఇంట్లోకి పోస్తుంది. ఫ్రిజ్ కూరల్లోని వేడిని లాగి వెనక నుంచి వదిలినట్టే, ఇది ఇంటి బయట గాలిలోని వేడిని లాగి లోపలి నీళ్ళకి ఇస్తుంది.

చల్లటి గాలిలో వేడేమిటని నేనూ అడిగాను. చల్లదనం అనేది మన ఒంటికి. యంత్రం లోపల తిరిగే ద్రవానికి అది చలే కాదు. ఈ మధ్య వచ్చే యంత్రాల్లో చాలావాటిలో ప్రొపేన్ వాడుతున్నారు. మన వంటగ్యాసు సిలిండరులో ఉండే వాయువుల్లో అదీ ఒకటి. అది సున్నాకి 42 డిగ్రీలు దిగువనే మరిగిపోతుంది. అలాంటిదానికి సున్నా డిగ్రీల గాలి కూడా పొయ్యి మీద పెట్టినట్టే! ఆ వేడికి అది ఆవిరవుతుంది. ఆ ఆవిరిని కంప్రెసరు గట్టిగా నొక్కుతుంది. నొక్కితే బాగా వేడెక్కుతుంది. సైకిలు పంపుతో గాలి కొడుతుంటే అడుగున చెయ్యి చురుక్కుమంటుంది, చూశారా, అలాగే. ఆ వేడి నీళ్ళకిచ్చేసి, చల్లబడి, మళ్ళీ మొదటికి వస్తుంది.

మన గీజరు ఒక యూనిట్ కరెంటు తింటే ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఇది ఒక యూనిట్ తిని సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మిగతా రెండూ గాలి నుంచి వచ్చినవి. మాయా లేదు, మంత్రమూ లేదు.

ఇక అభ్యంతరాలు ఒక్కొక్కటీ చూద్దాం.

"ఇదేదో కొత్త వింత!"

కాదు. 1852లోనే కెల్విన్ అనే శాస్త్రవేత్త ఇలా చెయ్యవచ్చని చెప్పాడు. స్విట్జర్లండులోని జ్యూరిచ్‌లో టౌన్ హాలుని 1938లోనే పక్కన పారే నది నీళ్ళలోని వేడితో వెచ్చబెట్టారు. మన ఫ్రిజ్, మన ఏసీ ఈ కుటుంబంలోవే. వేసవిలో ఏసీ బయటి పెట్టె ముందు నిలబడితే సెగ కొడుతుంది కదా. దాన్ని తిరగేస్తే హీట్ పంపే. ఈ మాట నిలబడలేదు.

"గట్టి చలిలో పనిచెయ్యదు"

నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇదే. కానీ నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ మంచుదేశాలు కదా! నార్వేలో సగానికి పైగా ఇళ్ళల్లో హీట్ పంపులే ఉన్నాయి. అక్కడి చలి ముందు లీడ్స్ చలి ఎంత?

అయితే ఇందులో కొంచెం నిజముంది. బోరులో నీళ్ళు ఎంత లోతుకి పోతే మోటారు అంత ఎక్కువ కరెంటు తింటుంది. అలాగే బయట చలి పెరిగే కొద్దీ ఇదీ ఎక్కువ తింటుంది, ఇచ్చే లాభం తగ్గుతుంది. ఆగిపోవడం మాత్రం కాదు. తేమ ఎక్కువగా ఉన్న చలిలో బయటి పెట్టె మీద మంచు పేరుకుంటుంది. అప్పుడు కొన్ని నిమిషాలు అదే వెనక్కి తిరిగి ఆ మంచుని కరిగించుకుంటుంది. మొదటిసారి అది చూసినరోజు పెట్టె నుంచి పొగలు వస్తున్నాయని నేను పెద్దగా కేకలు పెట్టాను. పొగ కాదు, ఆవిరి!

"రేడియేటరు గోరువెచ్చగానే ఉంటుంది"

నిజమే, కానీ అది లోపం కాదు. గ్యాసు బాయిలరు నీళ్ళని 60, 70 డిగ్రీల దాకా కాచి పంపుతుంది. రేడియేటరు ముట్టుకుంటే కాలుతుంది. హీట్ పంప్ నీళ్ళని 45, 50 డిగ్రీల దగ్గర ఉంచి రోజంతా నెమ్మదిగా తిప్పుతుంది. మన అమ్మమ్మలు దాలిలో పాలు పెట్టేవారు గుర్తుందా? పెద్ద మంట ఉండదు. కానీ సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మీగడ అరచేతి మందాన కట్టేది. ఇదీ ఆ పద్ధతే.

ఇది తెలియక నేనొక తెలివితక్కువ పని చేశాను. సాయంత్రం కాగానే మీట 26కి తిప్పడం, పడుకునే ముందు కట్టేయడం. చల్లారిన ఇంటిని మళ్ళీ వెచ్చబెట్టడానికి యంత్రం ఆయాసపడింది, కరెంటు తినేసింది. నేను ముట్టుకోకుండా వదిలేశాక హాయిగా నడిచింది. ట్యాంకు రెండో అంతస్తులో ఉంటే మోటారుకి సులువు, అయిదో అంతస్తులో ఉంటే కష్టం. నీళ్ళు ఎంత తక్కువ వేడితో సరిపెట్టుకుంటే దీనికీ అంత సులువు.

ఇంకో మాట. బిడ్డ పుట్టాక నేను గది ఉడికిపోయేలా ఉంచి, మూడు దుప్పట్లు కప్పాను. ఇంటికి వచ్చే నర్సమ్మ చూసి మెత్తగా మందలించింది. పసిపిల్లలు పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలనీ, వేడెక్కిపోవడం బిడ్డకి ప్రమాదమనీ చెప్పింది. నేను చలికి భయపడుతూ, అసలు భయపడాల్సిన దాన్ని చూడనే లేదు.

"పాత ఇళ్ళకి పనికిరాదు"

బ్రిటన్ ప్రభుత్వం ఈ సంగతి తేల్చడానికి రకరకాల ఇళ్ళల్లో 742 హీట్ పంపులు పెట్టించి చూసింది. వాటిలో కొత్తవీ, పాతవీ, వరస ఇళ్ళూ, ఫ్లాట్లూ అన్నీ ఉన్నాయి. ఫలానా రకం ఇంటికి ఇది అసలు పనికిరాదని ఎక్కడా తేలలేదు. ఏడాది మొత్తం మీద గాలి నుంచి వేడి తీసుకునే యంత్రాలు ఒక యూనిట్ కరెంటుకి నడిమికి 2.8 యూనిట్ల వేడి ఇచ్చాయి.

పాత ఇంటికి కొంత పని మాత్రం తప్పదు. పైకప్పు కింద దూది లాంటి పరుపు పరవాలి, కిటికీల సందులు మూయాలి, కొన్ని రేడియేటర్లు పెద్దవి వెయ్యాలి. చెల్లెలి ఇంట్లో మూడు మార్చారు. చిల్లు కుండలో ఎంత తోడి పోస్తే ఏం లాభం? అంచేత ఈ అభ్యంతరం సగం నిలుస్తుంది.

"చప్పుడు భరించలేం"

బయటి పెట్టెలో ఫ్యాను, కంప్రెసరు ఉంటాయి. చప్పుడు లేకుండా ఎలా ఉంటుంది? అయితే మంచి యంత్రం పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం. పడకగది కిటికీ కిందో, రెండు గోడల మూలలోనో పెడితే చప్పుడు ఎక్కువ వినిపిస్తుంది. ఇంగ్లండులో అప్పట్లో పక్కవాళ్ళ సరిహద్దుకి మీటరు దూరంలో పెట్టాలనే నిబంధన ఉండేది. 2025 మేలో దాన్ని తీసేశారు. చప్పుడు మీద పరిమితి మాత్రం ఉంది. మేం పెరట్లో వంటింటి గోడ వైపు పెట్టించాం. బాయిలరు మార్చవద్దని చెప్పిన పక్కింటి పెద్దావిడే నాలుగు రోజులయ్యాక వచ్చి, అది ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగింది!

"కరెంటు పోతే గతేమిటి?"

మనకి వెంటనే తోచే ప్రశ్న ఇదే. కానీ గ్యాసు బాయిలరుకి కూడా నీళ్ళు తిప్పే మోటారూ, మీటలూ కరెంటుతోనే నడుస్తాయి. కరెంటు పోతే అదీ ఆగుతుంది. ఇద్దరూ సమానమే.

"వేడినీళ్ళు అయిపోతాయి"

ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. పాత బాయిలరు కుళాయి తిప్పితే అప్పటికప్పుడు నీళ్ళు కాచి ఇచ్చేది. హీట్ పంప్ అలా ఇవ్వలేదు. ముందే కాచి ట్యాంకులో నిలవ ఉంచాలి. ఆ ట్యాంకుకి చోటు కావాలి. చెల్లెలి ఇంట్లో బట్టల అలమర ఒకటి దానికి పోయింది. పైగా బాలింత తలస్నానం, బిడ్డకి నీళ్ళు పొయ్యడం, గుడ్డలు ఉతకడం, అన్నీ ఒక్క పూటే పెట్టుకుంటే ట్యాంకు ఖాళీ. మళ్ళీ కాగడానికి గంటకి పైగా ఆగాలి. రెండుసార్లు చన్నీళ్ళు చూశాక నేను పన్లు విడగొట్టుకున్నాను. పెద్ద కుటుంబమైతే పెద్ద ట్యాంకే పెట్టించాలి.

"చాలా ఖరీదు"

ఇదీ నిజమే. ఇంగ్లండులో పనీ సామానూ అన్నీ కలిపి సుమారు 12, 13 వేల పౌండ్లు అవుతుంది. గ్యాసు బాయిలరు అందులో నాలుగో వంతుకి వస్తుంది. అయితే ఇంగ్లండు, వేల్సులలో 2022లో ప్రభుత్వం సాయం మొదలుపెట్టింది. ముందు 5,000 పౌండ్లు ఇచ్చేవారు. 2023 అక్టోబరు నుంచి దాన్ని 7,500 చేశారు. అది మన చేతికి రాదు, పెట్టేవాళ్ళే దరఖాస్తు చేసి బిల్లులో తగ్గిస్తారు. అది పోనూ కూడా బాయిలరు కంటే ఎక్కువే అవుతుంది. ఈ మాట దాచుకోవడం ఎందుకు?

"బిల్లు వాచిపోతుంది"

ఇక్కడే మరిదీ నేనూ కాగితం పెన్నూ పట్టుకుని కూర్చున్నాం. అప్పటి లెక్క కంటే తాజాది చెబుతాను, మీరూ వెయ్యండి. 2025 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బ్రిటన్‌లో ధరల పరిమితి ప్రకారం యూనిట్ కరెంటు సగటున 26.35 పెన్నీలు, యూనిట్ గ్యాసు 6.29 పెన్నీలు. అంటే కరెంటు నాలుగు రెట్లకి పైనే.

గ్యాసు బాయిలరు నూటికి 85 వంతులు వేడి ఇస్తుందనుకుందాం. అప్పుడు ఒక యూనిట్ వేడికి సుమారు 7.4 పెన్నీలు పడుతుంది. హీట్ పంప్ ఒక యూనిట్‌కి 2.8 ఇస్తే వేడి యూనిట్‌కి 9.4 పెన్నీలు. గ్యాసు కంటే ఎక్కువే! 3.5 ఇస్తే 7.5, అంటే సమానం. 4 ఇస్తే 6.6, అప్పుడు లాభం. గ్యాసు కనెక్షను పూర్తిగా తీసేస్తే రోజుకి 34 పెన్నీల అద్దె మిగులుతుంది. ఏడాదికి 124 పౌండ్లు. హీట్ పంపులున్న వాళ్ళకి తక్కువ ధర కరెంటు పథకాలు కూడా కొన్ని ఉన్నాయి.

చూశారా? బిల్లు వాచిపోతుందనేదీ అబద్ధమే, సగానికి సగం తగ్గుతుందని అమ్మేవాళ్ళు చెప్పేదీ అబద్ధమే. ఎంత బాగా పెట్టారనే దాని మీద ఉంటుంది. గ్యాసు లేక, మామూలు కరెంటు హీటర్లతోనే వెచ్చబెట్టుకునే వాళ్ళకి మాత్రం కళ్ళు మూసుకుని లాభమే. బిల్లు సుమారు మూడో వంతుకి దిగుతుంది.

అసలు మెలిక ఎక్కడుంది?

ఇన్ని అభ్యంతరాలు విన్నాను గానీ, అసలు అడగాల్సింది ఎవరూ అడగలేదు. పెట్టేవాడు ఎవరు?

మొదట వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఇల్లు ఒకసారి చూసి, పెద్ద యంత్రం రాసేసి ధర చెప్పేశాడు. గదులు కొలవలేదు. రెండోసారి వేరే చోటు నుంచి వచ్చినాయన సగం రోజు ఉన్నాడు. ప్రతి గదీ, ప్రతి కిటికీ, పైకప్పూ కొలిచాడు. గంటకి ఎంత వేడి పోతుందో గది గదికీ లెక్క కట్టి, మొదటి వాడు చెప్పినదానికంటే చిన్న యంత్రం చాలన్నాడు. కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టే దర్జీకి బట్ట ఇస్తామా? ఆ రోజే నేను సరేనన్నాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వు ఊఁ అంటేనే నాకు ధైర్యం" అంది. అమ్మ ఉంటే అమ్మని అడగాల్సిన మాట అది. నా కళ్ళు చెమర్చాయి.

పాత బాయిలరు దేవుడి దయవల్ల డిసెంబరూ జనవరీ లాక్కొచ్చింది. బిడ్డ పుట్టింది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు పని చేసి హీట్ పంప్ పెట్టారు. ఇది తొందరలో అయ్యే పని కాదు. కొలతలకీ, సాయం డబ్బుకీ వారాలు పడుతుంది. బాయిలరు చచ్చిపోయాక ఆలోచిస్తే గత్యంతరం లేక మళ్ళీ బాయిలరే పెట్టుకుంటారు. ముందే ఆలోచించుకోవాలి.

మరి మనకి?

మన ఊళ్ళల్లో ఇల్లు వెచ్చబెట్టే అవసరం లేదు. ఇదే సూత్రం మీద నీళ్ళు కాచే యంత్రాలు మన దేశంలోనూ ఉన్నాయి. హోటళ్ళు, హాస్టళ్ళు వాడుతున్నాయి. మన గాలి వెచ్చన కాబట్టి బాగానే పనిచేస్తాయి. కానీ నలుగురున్న ఇంటికి మన ఎండకి మేడ మీద సోలార్ హీటరు ఉంటే అదే మహాభాగ్యం.

మీ పిల్లలో, తోబుట్టువులో చలిదేశాల్లో ఉండి సలహా అడిగితే, నాలా వెంటనే వద్దనకండి. వెంటనే ఊఁ అని కూడా అనకండి. ఈ అయిదూ అడగండి:

1. గది గదికీ కొలిచి లెక్క కట్టారా?
2. పైకప్పు, కిటికీల సందులు ముందు చూసుకున్నారా?
3. నీళ్ళు ఎన్ని డిగ్రీలతో తిరుగుతాయి? 50 లోపే అయితే మంచిది.
4. వేడినీళ్ళ ట్యాంకు ఇంట్లో మనుషులకి సరిపోతుందా? అది ఎక్కడ పెడతారు?
5. బయటి పెట్టె ఎవరి కిటికీ దగ్గర?

మొన్న చెల్లెలు ఫోను చేసింది. "బిల్లు గ్యాసు రోజుల్లాగే ఉందక్కా, పెద్ద తేడా లేదు. ఇల్లు మాత్రం తెల్లారిలేస్తే ఒక్కలా ఉంటోంది" అంది. వెనక నుంచి బిడ్డ నవ్వులు వినిపిస్తున్నాయి. గోడలు పట్టుకుని నడుస్తోందట. రేడియేటరు పట్టుకుని కూడా నిలబడుతోందట. అది గోరువెచ్చగానే ఉంటుంది కదా, చెయ్యి కాలుతుందన్న భయం లేదు.

గోరువెచ్చదనాన్ని లోపమని దీపావళినాడు అందరితో పాటు అన్నదాన్ని నేనే!